ఎంగిలి బొగ్గు

కౌలాలంపూర్,
12 మార్చి 1955

తోడబుట్టిన అక్క ముత్యాలప్పకు తమ్ముడు దొరసామి దండం పెట్టి రాస్తున్నది.

ఆరు నెలలుగా ఉత్తరం లేదని నువ్వు తిట్టే తిట్లు బాగాన్ డాటో నుంచి ఇక్కడిదాకా వినిపిస్తూనే ఉన్నాయి. తిట్టు, కానీ ఇది చివరిదాకా చదివి తిట్టు. నాకు పని మారింది. ఇన్నాళ్ళూ లేబరేటరీలో గాజు గొట్టాలు కడిగాను. ఈ నెల నుంచి హార్విల్ దొర నన్ను తన బల్ల పక్కన నిలబెట్టుకుంటున్నాడు. మన తోట కూలీల లైన్ల ఇళ్ళలో పుట్టి తెల్లకోటు వేసుకున్నది నేనే మొదటివాణ్ణి.

పని ఏమిటో నీకు అర్థమయ్యేలా చెప్తాను. రాతినూనెను బాగా కాచినప్పుడు వచ్చే గాలుల్లో రెండు కవల పిల్లల్లాంటివి ఉన్నాయి. ఒకదాని పేరు ఈథేన్, రెండోదాని పేరు ఇథిలీన్. రెండింటికీ రంగు లేదు, బరువు దాదాపు ఒకటే. ఇథిలీన్ విడిగా దొరికితే ప్లాస్టిక్ సామాన్లు చేసుకోవచ్చు. రెండూ కలిసి ఉంటే పొయ్యిలో మండించడానికి తప్ప పనికిరావు. వాటిని విడదీయాలంటే మంచుకన్నా ఎంతో ఎక్కువ చలిలో పెట్టాలి, దానికి మేడంత యంత్రాలు కావాలి. దొర ఆలోచన వేరు. కొబ్బరి చిప్ప బొగ్గులో కంటికి కనపడని బెజ్జాలు ఉంటాయి. ఆ బెజ్జాలు సరిగ్గా కుదిరితే, కాస్త సన్నగా ఉన్న ఇథిలీన్ లోపల దూరి ఉండిపోతుంది, కాస్త లావుగా ఉన్న ఈథేన్ దూరలేక అవతలికి పోతుంది. జల్లెడ అనుకో. సిలోన్ బొగ్గు చూశాం, ఫిలిప్పీన్స్ బొగ్గు చూశాం, అన్నీ రెండింటినీ కలిపి మింగేస్తున్నాయి.

నేను ధైర్యం చేసి, మా నాన్న గొయ్యి తవ్వి కాల్చిన పద్ధతిలో చేసే బొగ్గు కూడా చూడండి అన్నాను. కాబట్టి ఒక గోనె పంపించు. నాన్న కాల్చినట్టే, మూడు పగళ్ళు, మధ్యలో వచ్చే రాత్రులు కూడా మంట ఆగకుండా కాల్చింది కావాలి. కాపలా కాసేటప్పుడు కునుకు తీయొద్దని బావకి చెప్పు. పేరు సన్యాసే గానీ నిద్ర విషయంలో ఆయన మహా సంసారి.

నీ తమ్ముడు,
దొరసామి


బాగాన్ డాటో, కొబ్బరి తోట లైన్లు,
3 ఏప్రిల్ 1955

తమ్ముడు దొరసామికి అప్ప దీవెనలు.

గోనె నాగప్పన్ లారీలో వేశాను. నాన్న కాల్చినట్టే కాల్చాను. మీ దొర చెయ్యి పెట్టి చూసుకోవచ్చు.

మీ బావ ఇంట్లో లేడు. నెల దాటింది. ముందు నీకు ఎలా రాయాలో తెలియలేదు, తెల్లకోటు సంతోషంలో ఉన్నావని తెలిశాక రాయబుద్ధి కాలేదు, కానీ ఇక రాయక తప్పదు.

లైన్ల చుట్టూ ముళ్ళకంచె వేశారని నీకు తెలుసు. వండిన అన్నం కంచె దాటకూడదని కొత్త ఆర్డరు పెట్టారు. అడవిలో ఉన్న కమ్యూనిస్టులకు అన్నం చేరుతుందని వాళ్ళ భయం. మన గొయ్యి సంగతి నీకు చెప్పనక్కర్లేదు. వెలిగించే ముందు ఆకు మీద గుప్పెడు మెతుకులు, చిటికెడు పసుపు నూకాలమ్మకి పెట్టకుండా ఈ లైన్లలో ఎవరూ నిప్పు ముట్టించలేదు. ఈ ఒక్కసారికి వద్దని నేను అంటూనే ఉన్నాను. "అమ్మోరిని పస్తెట్టి మంటెలిగించమంటావేటే? సిప్పలు బుగ్గయిపోతే ఎవులు బాధ్యులు?" అని నా మీదే లేచాడు. తువ్వాలులో మెతుకులు చుట్టుకుని గేటు దాటాడు. కంచె బయట మూడు గోతులు, మూడు ఆకులు.

మర్నాడు పొద్దున్న పోలీసులు వచ్చేసరికి ఆకులు ఖాళీగా ఉన్నాయి. పీతలు తిన్నాయో కాకులు తిన్నాయో ఎవరు చూశారు? మలాయి కానిస్టేబులు ఆకు చూపించి "సియాపా పున్యా నాసి?" అన్నాడు, ఎవరిదీ అన్నం అని. "అమ్మోరికెట్టినాను" అన్నాడు మీ బావ. వెనక ఉన్న తెల్ల అధికారికి ఆ మాట చెప్పారు. మీ అమ్మోరు ఎక్కడుంది, చూపించు అన్నాడు ఆయన. "కంటికి అవుపడదు దొరా" అన్నాడు ఈ అమాయకుడు. "కంటికి కనపడకుండా వచ్చి అన్నం తినిపోయేవాళ్ళ కోసమే మేము తిరుగుతున్నాం" అన్నాడట అధికారి. ఆ మాటమీదే చేతులు కట్టి లారీ ఎక్కించారు.

ఇప్పుడు క్యాంపులో ఉంచారు. కేసు లేదు, కోర్టు లేదు. ముగ్గురు పెద్దలు కూర్చుని కాగితాలు చూసి తేలుస్తారట. వాళ్ళు వద్దనుకుంటే ఇండియా ఓడ ఎక్కించేస్తారు. నాలుగేళ్ళ పిల్లాడుగా వచ్చినవాడు. విశాఖపట్నం అంటే ఓడలో వాంతులు చేసుకున్నది తప్ప ఆయనకి ఏమీ గుర్తులేదు.

కూలీల మీద పెత్తనం చేసే కంగాణి మారిముత్తు ఒక దారి చెప్పాడు. "నీ తంబి పెద్ద ఆఫీసులో ఉన్నాడు గదా. ఇది మా వాళ్ళ ఆచారమని ఆడు ఒక్క మాట సెప్తే సాలు. మన మాట ఇనరు, ఆడి మాట ఇంటారు" అన్నాడు. నిజమే అనిపించింది. మీ దొర చేత ఒక ఉత్తరం రాయించు. లేదా నువ్వే రాయి. నీ పేరులోనే దొర ఉన్నాడు, ఆ మాత్రం పనికి రాడా?

నీ అప్ప,
ముత్యాలు


కౌలాలంపూర్,
2 మే 1955

అప్పకు,

బావ కబురు చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఆ తర్వాత జరిగింది కూడా నీకు చెప్పాలి.

నీ బొగ్గును పొడి చేసి, ఇత్తడి గొట్టంలో కూరి, రెండు గాలుల్నీ కలిపి ఒక చివర నుంచి వదిలాం. రెండో చివర నుంచి చాలాసేపు ఈథేన్ ఒక్కటే వచ్చింది. ఇథిలీన్ అంతా బొగ్గులో ఉండిపోయింది. గొట్టాన్ని వేడిచేస్తే అప్పుడు బయటపడింది, దాదాపు కల్తీ లేకుండా. దొర నమ్మలేదు. తన చేత్తోనే మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే. "సామీ, ఈ బొగ్గు ఎవరు కాల్చారు?" అని అడిగాడు. మా కుటుంబం పని అన్నాను. భుజం తట్టాడు. ఏడేళ్ళలో ఆయన నన్ను తాకడం అదే మొదటిసారి.

బావ విషయం ఆయనకి చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ ఆలోచించు అప్పా. ఇప్పుడే చెప్తే, ఈ బొగ్గు కమ్యూనిస్టులకు అన్నం పెట్టాడని పట్టుకెళ్ళిన మనిషి ఇంటి నుంచి వచ్చిందని తెలుస్తుంది. మొత్తం పని ఆగిపోవచ్చు. ఇంకో రెండు గోనెలు ఇలాగే పనిచేస్తే నా మాటకి బరువు వస్తుంది. అప్పుడు తప్పకుండా అడుగుతాను. కాబట్టి గోనెలు త్వరగా పంపించు. ఈసారి కాల్పులో కొత్తగా ఏమైనా చేశావా? దొర అడుగుతున్నాడు.

దొరసామి


బాగాన్ డాటో,
5 జూన్ 1955

తమ్ముడికి,

రెండు గోనెలు పంపాను. కొత్తగా చేసిందేమీ లేదు. చిప్పలు అవే, గొయ్యి అదే.

నీ మాటకి బరువు రావాలంటే నా గోనెలు కావాలన్నమాట. సరే, మోస్తాను. మీ బావ పట్టుకునే పార కూడా ఇప్పుడు నేనే పట్టుకుంటున్నాను. చేతులు ఎలా ఉన్నాయో చూస్తే నువ్వు గుర్తుపట్టవు.

పోయిన ఆదివారం క్యాంపుకి వెళ్ళాను. కంచెకి అటు ఆయన, ఇటు నేను, మధ్యలో ఒక సిపాయి. మనిషి సగమయ్యాడు. అయినా నోరు ఊరుకోలేదు. "గొయ్యికాడ కంటే ఇక్కడే బాగా నిద్రడతాంది. కాపలా ఆళ్ళే కాత్తన్నారు" అన్నాడు. సిపాయికి అర్థం కాలేదు. నేను నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. వచ్చేటప్పుడు "సామిగాడికి సెప్పినావా?" అని అడిగాడు. చెప్పాను, చూసుకుంటాడు అన్నాను. "ఆడికి తెలుసు. ఆడు సెప్తాడు" అన్నాడు. అంత ధీమాగా అన్నాడురా.

తెలుక్ ఆన్సన్ సర్కారు ఆఫీసులో సుబ్రమణియం అని కాగితాలు రాసే కిరాణి ఒకాయన ఉన్నాడు, మంచి మనిషి. అర్జీ ఇంగ్లీషులో ఆయనే రాశాడు. సాక్షి పేరు కావాలంటే నీ పేరు, నీ ఆఫీసు ఇచ్చాను. పోలీసులు నీ దగ్గరికి వస్తారట. నువ్వు దొరని అడిగినా అడగకపోయినా పర్వాలేదు. వాళ్ళే వచ్చి అడుగుతారు, నువ్వు ఉన్నది ఉన్నట్టు చెప్తే చాలు. గొయ్యి దగ్గర ఆకు పెట్టడం మన ఆచారం. అంతే. నాలుగు ముక్కలు.

ముత్యాలు


కౌలాలంపూర్,
20 జూలై 1955

అప్పకు,

పోలీసు అధికారి వచ్చి వెళ్ళాడు. ముందుగా చెప్పకుండా లేబరేటరీకే వచ్చాడు. దొర గదిలోనే మాట్లాడించారు, దొర పక్కనే కూర్చుని విన్నాడు. అడిగినదానికి సమాధానం చెప్పాను. నువ్వు దిగులు పెట్టుకోవద్దు.

గోనెలు అందాయి. రెండూ బాగా పనిచేశాయి. దొర లండన్‌కి రిపోర్టు రాస్తున్నాడు, కింద నా పేరు కూడా వేస్తానన్నాడు. పని ఎక్కువగా ఉంది, అందుకే ఇంతే రాస్తున్నాను.

దొరసామి


బాగాన్ డాటో,
16 అక్టోబరు 1955

తమ్ముడికి,

అయిపోయింది. పోయిన మంగళవారం మీ బావని పినాంగ్ రేవులో ఓడ ఎక్కించారు. నన్ను దగ్గరికి వెళ్ళనివ్వలేదు. వరసలో నిలబెట్టి నడిపిస్తుంటే దూరం నుంచి చూశాను. ఇటు చూస్తాడని పిలిచాను. అంత గోలలో వినపడలేదేమో, చూడలేదు.

నేను ఇక్కడే పుట్టాను కాబట్టి నన్ను పంపరట. నేనుగా వెళ్ళొచ్చు గానీ వెళితే మళ్ళీ రానిస్తారన్న నమ్మకం లేదని సుబ్రమణియం చెప్పాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది ఈ ప్రభుత్వం.

నీ మీద నాకు ఏ కోపమూ లేదురా. నువ్వు చెప్పాల్సింది చెప్పావు. నీలాంటివాడి మాట కూడా వాళ్ళు వినలేదంటే ఇక ఎవరి మాట వింటారు? మీ దొర ముందు పోలీసులు నిన్ను కూర్చోబెట్టి అడిగారంటే నాకే సిగ్గుగా ఉంది. నా వల్ల నీకు తలవంపులు వచ్చాయి. ఏమీ అనుకోకు.

బొగ్గు ఎప్పటిలాగే పంపుతాను. నాకు ఇంకేం పని ఉంది?

నీ అప్ప,
ముత్యాలు


కౌలాలంపూర్,
8 ఆగస్టు 1957

ప్రియమైన అప్పకు,

ఎక్కువగా రాయడం లేదని నువ్వు అనుకుంటూ ఉంటావు. అనుకునే హక్కు నీకు ఉంది.

ఇక్కడ ఊరంతా మెర్డెకా హడావిడి. స్వతంత్రం రోజుకి దీపాలు కడుతున్నారు, కొత్త జెండాలు అమ్ముతున్నారు. పౌరసత్వం కాగితాల కోసం మనవాళ్ళు, తమిళులు, చీనావాళ్ళు వరసల్లో నిలబడుతున్నారు. హార్విల్ దొర డిసెంబరులో ఇంగ్లండు వెళ్ళిపోతున్నాడు. ఆయన గది నాకు ఇచ్చేలా ఉన్నారు. మన దేశంలో మన చేతికి వచ్చే మొదటి పనులు ఇవే.

కానీ ఒక చిక్కు వచ్చింది. జనవరి నుంచి నువ్వు పంపే బొగ్గు పని చేయడం లేదు. చూడటానికి ముందుకన్నా బాగుంది, మెరుస్తోంది, గట్టిగా ఉంది. గొట్టంలో వేస్తే రెండు గాలుల్నీ కలిపి మింగేస్తోంది, సిలోన్ బొగ్గులాగే. ఇక్కడ కొలిమి కట్టి నాన్న పద్ధతిలో మేమే కాల్చి చూశాం. అదీ అంతే. లండన్ నుంచి ఉత్తరం మీద ఉత్తరం వస్తోంది. రిపోర్టులో రాసింది నిజమేనా అని అడుగుతున్నారు. రిపోర్టు మీద నా పేరు ఉంది అప్పా. అది అబద్ధమని తేలితే గది మాట దేవుడెరుగు, ఉన్న ఉద్యోగం కూడా ఉండదు.

యాభై ఐదులో, యాభై ఆరులో నువ్వు ఏం చేశావో ఒక్కసారి గుర్తు చేసుకో. ఏ చిన్న విషయమైనా సరే. మంత్రమో మాయో అని మాత్రం రాయకు. మూఢనమ్మకాలు లేని మనిషినని దొరకి నా మీద గౌరవం.

బావ దగ్గర నుంచి కబురు ఉందా?

నీ తమ్ముడు,
దొరసామి


బాగాన్ డాటో,
12 సెప్టెంబరు 1957

దొరసామికి,

నువ్వు అడిగింది ముందు రాస్తాను. మిగిలింది తర్వాత.

మీ బావని తీసుకెళ్ళిన రోజే గొయ్యి దగ్గర రాత్రి ఉండే పాసులన్నీ రద్దు చేశారు. సాయంత్రం ఆరు గంటలకల్లా కంచె లోపల ఉండాలి, పొద్దున్న ఆరు దాకా గడప దాటకూడదు. మూడు రోజుల కాల్పు పన్నెండు గంటల్లో ఎలా అవుతుంది? అందుకని ఐదున్నరకి గొయ్యి మీద తడి పీచు కప్పి, పొగబెజ్జం కూడా వదలకుండా బురదతో మూసేసి వచ్చేదాన్ని. రాత్రంతా పొగ లోపలే మగ్గేది. పొద్దున్న తీసి చూస్తే సగం కాలిన చిప్పలు జిడ్డుగా, తారు పట్టి ఉండేవి. మళ్ళీ వెలిగించేదాన్ని, మళ్ళీ సాయంత్రం మూసేదాన్ని. అలా మూడుసార్లు.

అలాంటి బొగ్గుని మనవాళ్ళు ఏమంటారో నీకు గుర్తుండాలి. ఎంగిలి బొగ్గు. ఒకసారి ఆరిన మంటని మళ్ళీ ముట్టిస్తే అది ఎంగిలి. నాన్న బతికుంటే గోనెతో సహా కాలవలో పారేసేవాడు. నాకు సిగ్గేసింది. అందుకే నాన్న కాల్చినట్టే కాల్చానని నీకు రాశాను. అది అబద్ధం. నిజం రాస్తే మీ దొర బొగ్గు వద్దంటాడని, బొగ్గు వద్దంటే నువ్వు మీ బావ మాట ఎత్తవని భయపడ్డాను. ఈ జనవరిలో మా వైపు కర్ఫ్యూ తీసేశారు, రాత్రి పాసులు ఇచ్చారు. రెండేళ్ళ తర్వాత మంట ఆరకుండా కాల్చాను. నాన్న మెచ్చుకునే బొగ్గు. అదే మీకు పనికిరాలేదు. ఇదీ సంగతి. మీ కొలిమిని సాయంత్రం మూసి పొద్దున్న వెలిగించుకోండి. పొగ లోపల ఇంకితే బెజ్జాలు సన్నబడతాయేమో, అది నువ్వే చూసుకో, చదువుకున్నవాడివి.

ఇక మిగిలింది.

మెర్డెకా వస్తే పాత ప్రభుత్వం పంపేసిన వాళ్ళని కొత్త ప్రభుత్వం వెనక్కి రానిస్తుందని లైన్లలో అనుకున్నారు. నేను పది రోజుల ముందే తెలుక్ ఆన్సన్ వెళ్ళాను. సుబ్రమణియం మీ బావ ఫైలు వెతికి తీశాడు. ఒక కాగితం దగ్గర ఆగి తర్వాతది తిప్పబోయాడు. అదేమిటని అడిగాను. "వేండామ్మా" అన్నాడు. వద్దంటే నేను ఊరుకుంటానా? చదివించాను. నాకు తెలుగులో చెప్పలేక తమిళంలో చెప్పాడు. ఖైదీ భార్య తమ్ముడు, లేబరేటరీ ఉద్యోగి, అదే తోటలో పుట్టి పెరిగినవాడు, ఇలా చెప్పాడు: బొగ్గు గోతుల దగ్గర అన్నం పెట్టే ఆచారం మా వాళ్ళలో లేదు. మా ఇంట్లో నేను ఎప్పుడూ చూడలేదు.

మూడుసార్లు చదివించాను. మూడుసార్లూ అదే ఉంది. కింద నీ సంతకం ఉంది. నాకు ఇంగ్లీషు రాదు గానీ నీ సంతకం గుర్తుపట్టగలను.

తెలియదు అని ఉంటే క్షమించేదాన్ని. మర్చిపోయాను అని ఉన్నా క్షమించేదాన్ని. లేదు అన్నావు. మీ దొర పక్కన కూర్చుని వింటున్నాడని, ఆకు మీద మెతుకులు పెట్టే జాతి వాడివని ఆయనకి తెలుస్తుందని అన్నావు. నాన్న ఆ ఆకు ఎవరి చేత పెట్టించేవాడురా? మగపిల్లాడి చేతి మెతుకు అమ్మోరికి ఇష్టమని నన్ను పక్కకి తోసి నీ చేత పెట్టించేవాడు. నేను పెడతానని ఏడిస్తే చెంప మీద కొట్టాడు. పన్నెండేళ్ళు నువ్వు పెట్టావు. ఈ లైన్లలో ఆ ఆచారం నీ అంత తెలిసిన మనిషి ఇంకొకడు లేడు.

మీ బావ కబురు అడిగావు. విశాఖపట్నం దగ్గర ఏదో ఊళ్ళో దూరపు చుట్టాల చావిట్లో ఉంటున్నాడు. అక్కడ ఆయన్ని మలాయివాడు అంటారట. దగ్గు పట్టుకుందని ఎవరి చేతో రాయించాడు. ప్రతి ఉత్తరంలోనూ "సామిగాడు మనకోసం శానా కట్టపడ్డాడు, ఆడినేటీ అనకు" అని రాయిస్తాడు. ఆయనకి నిజం రాయలేదు. రాయను. ఆ ఒక్క నమ్మకమైనా ఆయనకి మిగలనీ.

ఆయన్ని రానివ్వడం గురించి సుబ్రమణియం ఏమీ చెప్పలేనన్నాడు. ఫైలులో సాక్ష్యం అలా ఉండగా కష్టమన్నాడు.

మెర్డెకా నాడు ఇక్కడ కూడా జెండా ఎగరేశారు. లైన్ల ముళ్ళకంచె ఒక వైపు పీకేశారు. అన్నం మూట పట్టుకుని ఎటైనా వెళ్ళొచ్చు, ఎవరూ అడగరు. మొన్న కొత్త గొయ్యి వెలిగించాను. చుట్టుపక్కల వాళ్ళంతా ఆకు ఏదని చూశారు. నేను పెట్టలేదు. నిప్పు ముట్టించేశాను. ఇంక ఎప్పుడూ పెట్టను. నువ్వు పోలీసులకు చెప్పిన మాట ఇప్పుడు అబద్ధం కాదు, మన ఇంట్లో ఆ ఆచారం లేదు.

ముత్యాలు